తండ్రి పక్కన కూర్చోవాలి

ముందు ఆ నవ్వు బొమ్మ పెట్టినవాడి పళ్ళు రాలగొట్టాలి, వాడెవడో కనుక్కోవడం పెద్ద పనేం కాదు, ఫోనులో తల్లిదండ్రుల గ్రూపులో స్కూలు వాళ్ళు వారం వారం పెట్టే సమాచారం కింద పొద్దున్నే పళ్ళికిలించి కూర్చున్నాడు, కార్ల షెడ్డులో రేకుల సొట్టలు తీసే మేస్త్రి చేతి దెబ్బ ఎలా ఉంటుందో వాడికి తెలీదు, తెలిస్తే నోరు మూసుకునేవాడు, మేస్త్రి స్కూలు మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు, వెనకాల కూతురు వస్తోందో లేదో చూడలేదు, వస్తుంది, రాక చస్తుందా, పోయిన వారం ఇదే గ్రూపులో దాని ఫోటో వేసి, ‘మా నాన్న’ అనే వ్యాసం తొమ్మిదో తరగతిలో అన్నిటికంటే బాగుందని పెట్టారు, ఈ వారం, కృత్రిమ మేధతో రాయించినట్టు తేలింది కాబట్టి పోయిన వారం మెచ్చుకున్న వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాం అని పెట్టారు, పేరు రాయలేదు, పెద్ద మర్యాద, ఫోటో ఊరంతా చూశాక ఇంక పేరెందుకు, పైగా శిక్ష ఉండదట, తల్లో తండ్రో వచ్చి పిల్ల పక్కన కూర్చోవాలట, యంత్రాన్ని ఏమడిగిందో పిల్ల తన నోటితో చెప్పాలట, ఆ తర్వాత అక్కడే సొంతంగా రాయాలట, శిక్షంటే ఎలా ఉంటుందో తనని అడిగితే చెప్పేవాడు కదా, పొద్దున చెప్పాడు కూడా.

చెయ్యి ఇంకా మంటగానే ఉంది, ఎవరి చేత రాయించావే అంటే నోరు విప్పదు, జుట్టు పట్టి గోడకేసి నెడితే తల తగిలి చప్పుడైంది, అంత గట్టిగా ఏం కాదు, గోడకి ఏది తగిలినా చప్పుడవుతుంది, మధ్యలో వాళ్ళమ్మ వచ్చి పడింది, వదలండి, చచ్చిపోతుందండీ అంటూ చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి మెలితిప్పి పక్కకి తోశాడు, వెళ్ళి గిన్నెల మీద పడింది, ఆ ఫోను, వాళ్ళమ్మ ఫోనే, ఆ దిక్కుమాలిన యంత్రం దూరింది దాంట్లోనే కదా, గడప మీద పెట్టి సుత్తితో కొట్టాడు, ఒక్క దెబ్బకే అద్దం పోయింది, అయినా కొట్టాడు, ముక్కలు ఎగిరి కాళ్ళ మీద పడుతున్నా కొట్టాడు, కూతురు గోడ పక్కన నిలబడి పెదవి మీద నెత్తురు తుడుచుకుంటూ సుత్తినే చూసింది, ఏడవలేదు, అది చూస్తే ఇంకా ఒళ్ళు మండింది, తనూ ఏడ్చేవాడు కాదు చిన్నప్పుడు, నాన్న సైకిలు గొలుసు తీస్తే చొక్కా కాలరు నోట్లో కుక్కుకుని నిలబడేవాడు, ఏడిస్తే ఇంకో రెండు పడేవి, కొట్టాడు కాబట్టే మేస్త్రినయ్యాను అని షెడ్డులో నవ్వుతూ చెబుతుంటాడు, ఎంత ఎండైనా ఒంటి మీద చొక్కా మాత్రం విప్పడు.

లైబ్రరీలో పొడుగు బల్ల, మూడు కుర్చీలు, వ్యాసాలు రాయించే టీచరమ్మ కూర్చోండి అంది, కూర్చున్నాడు, ఈవిడ ఒక్క మాట తేడాగా మాట్లాడనీ, ఈ బల్ల ఎత్తి కిటికీలోంచి విసిరేస్తాను, అనుకుంటుంటే ఆవిడ కూతురి వాచిన పెదవి చూసింది, తర్వాత మేస్త్రి చేతుల వంక చూసింది, చేతులు వాటంతటవే బల్ల కిందికి పోయాయి, మెట్ల మీద జారిపడింది మేడమ్ అన్నాడు, ఎవరూ అడగలేదు, ఆవిడ తన పాఠం మొదలుపెట్టింది, యంత్రాన్ని అడగడం తప్పు కాదట, క్లాసులోనూ అడిగిస్తున్నారట, అది చెప్పింది నాది అనడమే తప్పట, చాల్లే, మా పిల్లకి రాయడం వచ్చు మేడమ్, దాంట్లో ప్రతి ముక్కా నిజం అన్నాడు, అన్నాడా, అవును అన్నాడు, ఎందుకంటే ఆ వ్యాసాన్ని షెడ్డులో కుర్రాళ్ళందరికీ తనే చదివి వినిపించాడు, సాయంత్రం ఇంటికి రాగానే మా నాన్న నా తల నిమిరి ఇవాళ ఏం నేర్చుకున్నావమ్మా అని అడుగుతాడు, అని ఉంది, ఆ ముక్క రెండుసార్లు చదివాడు, కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు, ఆ నాన్న తనే అనుకున్నాడు, ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

యంత్రాన్ని ఏమడిగావమ్మా అంది టీచరు, కూతురు బల్ల అంచు గోకుతోంది, చెప్పవేం, నోట్లో ఏముంది, బల్ల కింద పిడికిలి బిగుసుకుంది, అప్పుడు కూతురు టీచరు వైపే చూస్తూ చెప్పింది, ముందు నేనే రాశాను టీచర్, అందరూ చదివితే మా నాన్న పరువు పోతుందనిపించింది, అందుకే చింపేసి, కొట్టని నాన్న గురించి రాయమని అడిగాను.

నెత్తురు జివ్వున తలకెక్కింది, చెయ్యి లేచింది, అలవాటుపడ్డ చెయ్యి, లేవమని ఎవరూ చెప్పక్కర్లేదు, ధడేల్మని బల్ల మీద పడింది, పెన్నుల డబ్బా ఎగిరి కింద దొర్లింది, టీచరు లేచి నిలబడింది, కూతురు మాత్రం చెయ్యి లేవకముందే కళ్ళు మూసుకుని ఉంది, భుజాలు చెవుల దాకా ముడుచుకుని, ఎంత ముందే తెలుసో దానికి, దెబ్బ తన మీద పడలేదని కాసేపటికి అర్థమయ్యాక కళ్ళు తెరిచి, వంగి, పడ్డవాటిలోంచి ఒక పెన్ను ఏరుకుని, కాగితం దగ్గరికి లాక్కుంది, నిజం రాసెయ్యనా నాన్నా అని అడిగింది, రాయి అందామనుకున్నాడు, వద్దు అందామనుకున్నాడు, రాయమ్మా అని టీచరే అంది, ఆవిడ ఇంకా కూర్చోలేదు, మీరు కదలకండి, రాయడం అయ్యేదాకా పక్కనే కూర్చోవాలి, అంది.

లాక్కుని చింపెయ్యొచ్చు, బల్ల తన్నెయ్యొచ్చు, ఆవిడని ఒక్క తోపు తోసి పిల్లని జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళొచ్చు, అన్నీ తలలో జరుగుతున్నాయి, ఒళ్ళు మాత్రం కదలడం లేదు, మా నాన్న, అని రాసింది, అక్కడ ఆగింది, తర్వాత ఏం రాస్తుంది, గోడ రాస్తుందా, వాళ్ళమ్మ గిన్నెల మీద పడటం రాస్తుందా, తను మర్చిపోయినవి ఇంకెన్ని ఉన్నాయో దాని దగ్గర, ఆ చిన్న చెయ్యి ఎటు కదులుతుందా అని కన్నార్పకుండా చూస్తున్నాడు, అది కదిలినప్పుడల్లా భుజాలు వాటంతటవే ముడుచుకుంటున్నాయి, లేచి పారిపోవాలని ఉంది, పోవడానికి లేదు, దాని దయ మీద కూర్చున్నాడు, ఇంట్లో రోజూ తన చేతి వంక కూతురు చూసేది ఇలాగేనని అప్పుడు తెలిసింది మేస్త్రికి.