కిందికి దిగిన చేను

అన్నదమ్ములు పంచుకున్నప్పుడు వాలు మీది పైచేను పెద్దవాడికి, దాని కిందిది చిన్నవాడికి వచ్చాయి. పెద్దవాడు పోయాక అతని భార్య ఒంటిచేత్తో సేద్యం నెట్టుకొచ్చింది. రెండు చేల మధ్య మొగుడు పేర్చిన రాతికట్ట ఉండేది. ఎంత వాన పడ్డా బురదనీళ్లు అక్కడ ఆగి, మన్ను దించి, తేటపడి కిందికి పోయేవి.

ఎండాకాలంలో మరిది వచ్చాడు.

"వదినా, పశువుల కొట్టానికి పునాది వేస్తున్నా. ఆ రాళ్లు తీసుకుంటా. వానల్లోపు మట్టికట్ట వేయించి ఇస్తాలే."

ఆమె చేను దున్నిపెట్టేది అతని ట్రాక్టరే. కాదనడానికి నోరు రాలేదు.

దున్నేటప్పుడు అతను వాలుకు అడ్డంగా కాక, పైనుంచి కిందికి చాళ్లు తోలాడు.

"ఇదేంటి నాయనా, ఇలా తోలావు?"

"బండి తిరగడం కష్టం వదినా."

కట్ట మాట ఎత్తినప్పుడల్లా రేపన్నాడు. ఆ రేపు రాకముందే వాన వచ్చింది. ఆమె పార పట్టుకుని పరుగెత్తింది. ఒక చాలుకు అడ్డం వేస్తే పక్క చాలు తెగింది. చివరికి తానే అడ్డంగా కూర్చుంది. నీళ్లు ఆమెను చుట్టుకుని పోయాయి.

తెల్లారేసరికి పైచేనులో అడుగునున్న మొరంరాయి పళ్లు ఇకిలించింది. కిందచేనులో ఆమె మన్ను, ఆమె విత్తనాలతో సహా, మీగడలా పరుచుకుంది.

తట్ట తీసుకుని వెళ్తే మరిది గట్టు మీదే ఆపాడు.

"ఏం ఎత్తుకుపోదామని వచ్చావు?"

"నా మన్నే కదా!"

"నేనేమన్నా మోసుకొచ్చానా? దానికి కాళ్లొచ్చి నడిచింది. దాని మీద నీ పేరుంటే చూపించు, పట్టుకెళ్దువు."

ఊరి పెద్దమనుషులు ఆమె గోడు విన్నారు. వాన చేసినదానికి ఎవరిని నిలదీస్తామమ్మా అని దుమ్ము దులుపుకుని లేచారు.

పైచేనులో మళ్లీ విత్తింది. మొలిచినవి వేలెడెత్తుకే పసుపుపచ్చగా మారి వాడిపోయాయి. ఇంట్లో పొయ్యి వెలగడం మానేశాక, గుండె రాయి చేసుకుని మరిది చేనులోకే కలుపు కూలికి వెళ్లింది. పైరు నడుమెత్తు పెరిగింది. అంత పైరు ఆమె మొగుడు కూడా తీయలేదు. వంగినప్పుడల్లా ఆ మన్ను వాసన గుండెల్లో గుచ్చుకునేది.

ఒక సాయంత్రం పని ముగించి గట్టెక్కబోతుంటే మరిది పిలిచాడు.

"కాళ్లు దులుపుకుని వెళ్లు వదినా. రోజూ కాస్త కాస్త పట్టుకెళ్తున్నావు."

పక్కనున్న తోడికోడలు పకపకా నవ్వింది. హాస్యమేమోనని ఆమె మరిది ముఖంలోకి చూసింది. అతను నవ్వడం లేదు.

గట్టు మీద కూర్చుని, పుల్లతో వేళ్ల సందుల్లోని మన్ను గీకి చేనులోకి రాల్చింది.

"మడమలకి కూడా ఉంది," అన్నాడు మరిది.