మెట్లు లేని వీధి

మిషనమ్మ కూతురు బుల్లికి ఉద్యోగం వచ్చిందన్న సంతోషం ఆ ఇంట్లో ఒక పూటైనా నిలవలేదు. ఉద్యోగం మంచిదే, రక్తపరీక్షలు చేసే కంపెనీలో. అయితే ఆ కంపెనీకి రాష్ట్రంలో రెండు చోట్ల ఖాళీలున్నాయట. ఒకటి రేవుపట్నం, రెండోది గుట్ట కింద పట్నం. ఎక్కడికి వెళ్తావో నువ్వే చెప్పమన్నారు. ఆ చెప్పమనడమే కొంప ముంచింది. ఫలానా ఊరు వెళ్ళమని వాళ్ళే అనేసి ఉంటే నోరు మూసుకుని పెట్టె సర్దుకునేవాళ్ళు.

ఊళ్ళో సగం మంది బట్టలు కుట్టే మనిషి కాబట్టి ఆవిడకు మిషనమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది. కూతురు తల్లికంటే జానెడు పొడుగు పెరిగినా బుల్లి బుల్లిగానే మిగిలింది. తండ్రి లేని పిల్ల. సందు చివరి దాకా వెళ్ళి రావడానికి పది నిమిషాలు ఆలస్యమైతే గుమ్మంలో నిలబడిపోయే తల్లి, ముక్కూ మొహం తెలియని ఊరికి ఎలా పంపుతుంది? సూదిలో దారం ఎక్కించడం కూడా మరచి ఉత్త మిషను తొక్కుతూ కూర్చుంది.

అప్పుడు దిగారు లెక్కల బావగారు. అంటే మిషనమ్మ అక్క భర్త. ఎవరింట్లో ఏ సంగతి వచ్చినా కాగితం మీద భాగించి చూపించందే ఆయనకు అన్నం సయించదు. పేపర్లో పట్నాలవారీగా నేరాల లెక్కలు పడ్డాయని మడత పెట్టి పట్టుకొచ్చారు.

"ఏ ఊళ్ళో ఎక్కువ దొంగతనాలు జరిగాయా అని చూడకూడదమ్మాయ్. పెద్ద ఊళ్ళో ఎక్కువే ఉంటాయి, చిన్న ఊళ్ళో తక్కువే ఉంటాయి. లక్ష మందికి ఎన్ని అన్నది చూడాలి. అప్పుడు రెండూ సమంగా తూగుతాయి."

"రెండు బట్టలూ ఒకే టేపుతో కొలిచినట్టు."

"అదీ! ఎంత చక్కగా పట్టేశావు! మీ అక్కకి ఇన్నేళ్ళయినా ఎక్కదు."

"మీతో వేగడానికే దాని బుర్ర సరిపోయింది బావగారూ, ఇంకా లెక్కలకెక్కడ మిగులుతుంది?"

ఆయన వినిపించుకోలేదు. రేవుపట్నం లెక్క పైన ఎక్కడో ఉంది. గుట్ట కింద పట్నం రాష్ట్రం మొత్తంలో అట్టడుగున ఉంది. "నేరమంటే ఏమిటో తెలియని ఊరు. కళ్ళు మూసుకుని పంపించు," అన్నారు. బుల్లి మాత్రం, "సముద్రం చూద్దామనుకున్నాను పెదనాన్నా," అని మూతి ముడిచింది. "నువ్వు చూస్తావు, నీ మెడలో గొలుసు ఇంకొకడు చూస్తాడు," అని ఆయన నోరు మూయించారు.

తల్లీకూతుళ్ళు మిషనుతో సహా గుట్ట కింద పట్నంలో దిగారు. బస్సు దిగగానే ఇంత పొడుగు బోర్డు కనిపించింది: రాష్ట్రంలోకెల్లా సురక్షితమైన పట్టణానికి స్వాగతం. అది చదివేసరికి మిషనమ్మకు గుండెల మీంచి బండ దించినట్టయింది. అద్దెకు దొరికిన వాటా కూడా ముచ్చటగా ఉంది. వీధంతా పెంకుటిళ్ళే, గుమ్మాల ముందు పూలకుండీలు. ఇంటావిడ వెన్నలాంటి మనిషి. వచ్చిన రోజే కాఫీ ఇచ్చి, వదినగారూ అని వరస కలిపేసింది.

కుట్టుపని తెలిసిన మనిషికి మొదట కనబడేది ఎదుటివాళ్ళ ఒంటి వంకరలే కదా. జాకెట్టు కొలతలకని టేపు పెట్టినప్పుడు ఇంటావిడ కుడి చెయ్యి మోచేతి దగ్గర చాపుకోలేకపోవడం చూసింది.

"ఏమైంది వదినగారూ?"

"మెట్ల మీద జారాను. ఎప్పుడో లెండి."

ఎదురింటి మాస్టారి నుదుటి మీద కుట్ల మచ్చ ఉంది. అడిగితే ఆయనా మెట్ల మీదే పడ్డారు. మూలకొట్టాయన కాలు ఈడుస్తాడు, అదీ మెట్లే. పాపం, ఈ వీధివాళ్ళకు కాలు నిలకడ లేదు కాబోలు అనుకుంది మిషనమ్మ. "జాగ్రత్తగా నడువు తల్లీ, ఇక్కడ దొంగల భయం లేదు గానీ జారుడు భయం ఉన్నట్టుంది," అని కూతురితో నవ్వింది కూడా.

ఆ నవ్వు ఎన్నాళ్ళో సాగలేదు. ఒక సాయంత్రం, ఇంకా వెలుతురు ఉండగానే, బుల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మోకాళ్ళ దగ్గర బట్ట చిరిగి రక్తం కారుతోంది. కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని ఉంది. భుజాన సంచి లేదు. ఏడవడం లేదు, అరవడం లేదు. "బండి మీద వచ్చి లాగాడమ్మా," అంది, ఎవరి సంగతో చెప్పినట్టు. "సంచి పట్టీ చేతికి చుట్టుకుని ఉంది. కొంత దూరం ఈడ్చుకుపోయాడు."

మిషనమ్మ చేతిలో కత్తెర ఉన్నది ఉన్నట్టే పట్టుకుని నిలబడిపోయింది. ఇంటావిడే చెప్పులేసుకుని ఇద్దరినీ వీధి చివరి డాక్టరు దగ్గరకు లాక్కెళ్ళింది. అక్కడ కాంపౌండరు చీటీ రాస్తూ తలైనా ఎత్తకుండా అడిగాడు:

"ఈ వీధేనా? మెట్లేగా?"

"ఆ, మెట్లే," అంది ఇంటావిడ.

మిషనమ్మ తెల్లబోయి ఆవిడ వంక చూసింది. ఏం మెట్లు? అప్పుడు కళ్ళ ముందు ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కదిలింది. అన్నీ పెంకుటిళ్ళు. మేడ అన్నది ఒక్కటీ లేదు. గుమ్మం గుమ్మానికీ నేలకు సమంగా ఒక రాతిపలక, అంతే. ఇంతమంది ఏ మెట్ల మీద నుంచి పడ్డారు?

కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక, బుల్లిని మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతూ ఇంటావిడ మెల్లగా అడిగింది.

"లాగేముందు ఈల వేశాడా తల్లీ?"

బుల్లి కళ్ళు పెద్దవయ్యాయి. "వేశాడు. తెలిసినవాళ్ళెవరో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగాను. మీకెలా తెలుసు అత్తయ్యగారూ?"

ఇంటావిడ వంకర చేతిని కొంగు కింద దాచుకుంది.

మిషనమ్మ చూపు ఆ కొంగు దగ్గరే ఆగిపోయింది. "వాడేనా? మీ చెయ్యి విరిచిందీ వాడేనా? మాస్టారి నుదురు? ఆ కొట్టాయన కాలు?"

"అరవకండి వదినగారూ, మీకు పుణ్యముంటుంది."

"వాణ్ణి మీరందరూ ఎరుగుదురు! ఎరిగీ నా పిల్లని ఆ దారినే పంపారు! ఈల వినబడితే తిరిగి చూడకమ్మా అని ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

"చెప్తే మీరుంటారా ఇక్కడ?" అంది ఇంటావిడ. "ఆ బోర్డు చూసే కదా మీరొచ్చారు. ఆసుపత్రులూ కంపెనీలూ వచ్చింది దాన్ని చూసే. అది పీకేస్తే మా పెంకుటిళ్ళలోకి ఎవరొస్తారు? ఎవరో ఒకరు స్టేషన్‌కి వెళ్ళి మొదలెడితే ఊరి పేరు పోతుందని మా వీధి పెద్దలంతా ఒక మాట అనుకున్నాం. దెబ్బకి మందు వేయించుకుంటాం, ఊరుకుంటాం. మీరూ ఊరుకోండి. లేదూ, కేసు పెట్టే తీరతానంటే మాత్రం..." తల దించుకుంది. "వాటా ఖాళీ చెయ్యమని నేనే అనాల్సొస్తుంది. నా చేత అనిపించకండి."

కాఫీ ఇచ్చిన మనిషి, కష్టమొస్తే అందరికంటే ముందు చెప్పులేసుకుని పరిగెత్తిన మనిషి ఆ మాట అనేసరికి మిషనమ్మ కొయ్యబారిపోయింది.

తెల్లవారగానే ఫోను మోగింది. లెక్కల బావగారు.

"ఏమ్మాయ్, ఎలా ఉంది మన అట్టడుగు పట్నం? పిల్ల కులాసానా?"

"కులాసానే బావగారూ. చేతికి కాస్త దెబ్బ తగిలింది. మెట్ల మీద జారింది."

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. ఆలోచించి అన్నది కాదు. ఆయన కంగారు పడతారని, పిల్ల గురించి నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని, ఆ మాట అక్కడ సిద్ధంగా ఉంటే ఎవరో అందించినట్టు నోట్లోంచి జారిపోయింది. అవతల ఆయన, "మెట్లేనా, ఇంకా నయం, రేవుపట్నమయితే ఏమయ్యేదో," అంటూనే ఉన్నారు. ఆవిడకు వినబడడం లేదు. ఇదా! ఇలాగా ఆ లెక్క అంత కిందకు దిగింది! ఆ వీధిలో ఒక్కొక్కళ్ళూ ఇలాగే ఒక పొద్దున, ఇలాగే ప్రేమగల మనిషితో, ఇదే మాట అన్నారు. ఇప్పుడు తనూ అంది. రేపు ఇంకో పిల్ల ఈల విని వెనక్కి తిరిగితే అందులో తన పాలు కూడా ఉంటుంది.

మంచం మీద నుంచి బుల్లి తల్లినే చూస్తోంది.

"నేను జారానా అమ్మా?"

అది కోపంగా అడిగినా బాగుండేది. నిజంగానే తెలియనట్టు అడిగింది. మిషనమ్మ ఫోను గట్టిగా చెవికి ఆనించుకుంది.

"బావగారూ, ఆగండాగండి. అబద్ధం చెప్పాను. పిల్లని ఒక వెధవ బండి మీద వచ్చి ఈడ్చుకుపోయాడు. ఇప్పుడు స్టేషన్‌కి పోతున్నాం. తర్వాత మాట్లాడతాను." ఆయన ఏమంటారో వినకుండానే ఫోను పెట్టేసింది.

స్టేషన్లో కసుర్లు తినాల్సొస్తుందని, పదిసార్లు తిప్పుకుంటారని, నడిచినంత దూరం పళ్ళు బిగించుకునే నడిచింది. అక్కడ చూస్తే కాగితాలు రాసే రైటరు ఒక్కడే బల్ల ముందు కూర్చుని చెవిలో పుల్ల తిప్పుకుంటున్నాడు. దారి అడగడానికి వచ్చారనుకుని, "బస్టాండా? ఇలా తిన్నగా వెళ్ళండి," అన్నాడు.

"కేసు పెట్టడానికొచ్చాం నాయనా."

ఆయన పుల్ల కింద పడేశాడు. "ఏ వీధి?"

చెప్పింది. ఆయన లేచి నిలబడి, తనే రెండు కుర్చీలు తెచ్చి వేశాడు.

"ఆ వీధి నుంచి మనిషి రావడం నేనెరగనమ్మా. ఇంతకుముందు రేవుపట్నంలో చేశాను. అక్కడ పెరట్లో ఆరేసిన తువ్వాలు పోయినా పొద్దున్నే వచ్చి కూర్చుంటారు, రాసి రాసి మా వేళ్ళు పడిపోయేవి. రాసినందుకు కొందర్ని పట్టుకునేవాళ్ళం కూడా. ఇక్కడ ఎవరూ రారు. వాడెవడో తిరుగుతున్నాడని గాలి కబురు నాకూ వచ్చింది. గాలి కబురుని ఏ కాగితం మీద రాయను?" కాగితం ముందుకు లాక్కున్నాడు. "చెప్పమ్మా, ఏం జరిగింది?"

బుల్లి చెప్పింది. బండి రంగు, వాడి చొక్కా, ఈల. పట్టీ మణికట్టుకు బిగిసి ఎముక నొక్కుకున్న సంగతి దాకా చెప్పింది. అప్పుడు, నిన్న సాయంత్రం నుంచీ రాని ఏడుపు అంతా వచ్చింది. రైటరు కలం ఆపి, ఆ ఏడుపు అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. చివరికి బుల్లి ఎడమ చేత్తో వంకరటింకరగా సంతకం పెట్టింది.

ఇంటికొచ్చేసరికి ఎదురింటి తలుపులు వేసేసి ఉన్నాయి. మూలకొట్టాయన వాళ్ళను చూసి మొహం తిప్పుకున్నాడు. వెళ్ళొచ్చిన సంగతి వీధికి అప్పుడే పాకింది. ఇంటావిడ మాత్రం గుమ్మంలోనే నిలబడి ఉంది. ఖాళీ చెయ్యమనే మాట వినడానికి సిద్ధపడి మిషనమ్మ నడక ఆపింది.

"పెట్టారా?" అంది ఇంటావిడ.

"పెట్టాం."

"ఏమడిగారు అక్కడ?"

"ఏం జరిగిందో చెప్పమన్నారు."

"అంతేనా?"

"అంతే. కుర్చీ వేశారు."

ఇంటావిడ వంకర చేతిని కొంగులోంచి బయటకు తీసి, కొత్తగా చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మూడేళ్ళ కిందటిది కూడా రాసుకుంటారంటారా వదినగారూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చెప్పులు వెతుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.