ఇరవై అయిదో సంతకం

"ఈ సంతకం చెల్లదు, తెరేజ్."

టౌన్ ఆఫీసు క్లర్కు వెర్నా పెన్ను చివరి వరస మీద ఆగిపోయింది. గోడ గడియారంలో నాలుగూ ముప్పై అయిదు. అయిదింటికి గడువు ముగుస్తుంది. గ్రీన్ పార్టీ ఓటర్లుగా నమోదైనవాళ్ళు పాతికమంది సంతకం పెడితేనే తెరేజ్ పేరు బ్యాలెట్ మీదికి ఎక్కుతుంది. మార్చి మంచులో ఇల్లిల్లూ తిరిగితే దొరికినవి సరిగ్గా పాతిక. ఆ చివరిది ఒడీల్‌ది, తెరేజ్‌కి స్వయానా అన్న భార్యది.

"నా పుస్తకంలో నీకు ఏ పార్టీ లేదు ఒడీల్. నీ పార్టీ నమోదు కార్డు మాకు రానేలేదు."

"నెల కిందటే నింపానే!"

"పోస్టాఫీసు వాళ్ళే మింగేసుంటారు వదినా," అంది తెరేజ్ పళ్ళు కొరుకుతూ. "పోయినేడు నా కోడిపిల్లల పెట్టెను పక్క ఊరికి పంపిన ఘనులు వాళ్ళు."

ఒడీల్ ఆ కార్డు నింపిన రోజు గుర్తు చేసుకుంది. కాగితం మిల్లు మడ్డిని ఎరువని పొలాల్లో చల్లి, చల్లి, వాళ్ళ బావి చెడి ఆరేళ్ళయింది. అప్పటినుంచి వారానికి రెండుసార్లు ఫైర్ స్టేషన్ నుంచి ఎనిమిది క్యాన్ల నీళ్ళు మోస్తోంది తనే. సూప్‌కీ అవే, కుక్కకీ అవే. "ఎలాగూ ఊళ్ళోకి పోతావుగా" అంటాడు మొగుడు నార్మండ్, ఆ నీళ్ళతో కాచిన కాఫీ తాగుతూ. ఈ శీతాకాలం తెరేజ్ వచ్చి, గుమ్మంలో క్యాన్లు చూసి, "ఇవన్నీ మోసేదెవరు వదినా?" అని అడిగింది. ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో ఒకరు అలా అడగడం అదే మొదలు. ఆ మాట అరిగేదాకా తలుచుకుంది ఒడీల్. ఆ కృతజ్ఞతతోనే వంటింటి బల్ల మీద కార్డు నింపింది. నార్మండ్ నవ్వాడు. "చెట్లకి ఓటేస్తావా? మా చెల్లికి పన్లేదు, నీకు బుద్ధి లేదు. ఇటివ్వు, నేను పోస్టులో వేస్తాలే." సాయంత్రం అడిగితే, "వేశానన్నానుగా, ఎన్నిసార్లే!" అని కసిరాడు. వేశాడు కదా అని, దానికీ మురిసిపోయింది.

"ఏ పార్టీ లేదు కాబట్టి బతికిపోయావు," వెర్నా కొత్త కార్డు ముందుకు తోసింది. "వేరే పార్టీలో ఉండుంటే ఇవాళ మార్చడం కుదిరేది కాదు. ఇది నింపి, తెరేజ్ కాగితం మీద మళ్ళీ సంతకం పెట్టు. లైసెన్సు చూపించు, త్వరగా!"

ఒడీల్ కోటు జేబులో చెయ్యి పెట్టింది. లైసెన్సుతోబాటు పొద్దున నార్మండ్ రాసిచ్చిన సరుకుల చీటీ వచ్చింది. కాఫీ, బేకన్, రంపానికి నూనె. 'నీళ్ళు' కింద రెండు గీతలు. చీటీ దళసరిగా ఉందేమిటని తిప్పి చూసింది.

సగానికి చించిన కార్డు. దాని మీద తన పేరు, తన చేతిరాత. గ్రీన్ పార్టీ ఎదుట తను పెట్టిన టిక్కు.

ఒడీల్ చీటీని గుప్పిట్లో మూసింది. కొత్త కార్డు నింపింది. ఇరవై అయిదో వరస కింద మళ్ళీ సంతకం పెట్టింది. వెర్నా ముద్ర ఠక్కుమని పడింది. నాలుగూ యాభై రెండు.

"ఇంక ఆ పాత కార్డు," అంది వెర్నా. "పోస్టులో పోయిందని రాసుకోనా?"

అవునంటే సరిపోతుంది. నార్మండ్ మరిచిన పుట్టినరోజులకూ, ఎగ్గొట్టిన విందులకూ ఇన్నాళ్ళూ తప్పు మంచుదనో ట్రక్కుదనో చెబుతూనే వచ్చింది. ఒడీల్ తలెత్తింది. ఒకామె తన సంతకం చెల్లాలని కొత్త కార్డు అందించింది. ఒకామె తన చేతుల్లోని బరువు గురించి అడిగింది. వీళ్ళిద్దరికీ అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

చీటీని కౌంటరు మీద పరిచి, తన చేతిరాత ఉన్న వైపు పైకి తిప్పింది.

"పాపం, పోస్టాఫీసు వాళ్ళనేమీ అనకండి. దీన్ని చించింది నార్మండ్. నా మొగుడు."