ఎత్తని చేతులు

మా ఊరిని మోసం చేసింది ఒక మైకు.

మార్కెట్ షెడ్డులో ప్రజాభిప్రాయ సేకరణ అన్నారు. షెడ్డు చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టారు, వేదిక పక్కన ఆకుల బొమ్మలేసిన కారు నిలబెట్టారు. ఆ కారు మొక్కజొన్న సారాతో నడుస్తుందట. ఆ సారా తీయడానికి మా ఊళ్ళో పెట్టబోయే ఫ్యాక్టరీ మేనేజరు జేబు మీద ఇత్తడి ఆకు పెట్టుకుని దిగాడు. ఆ రోజు నుంచి మాకు వాడు ఆకుబాబు. భూగోళానికి జ్వరం వచ్చిందనీ, మందు తన ఫ్యాక్టరీలోనే కాస్తాడనీ ఊదరగొట్టాడు. పక్కన కూర్చున్న ప్రభుత్వ అధికారి తలాడిస్తున్నాడో కునుకుతున్నాడో తెలియలేదు.

చివర్లో ఆకుబాబు పళ్ళికిలించి, "వెనకున్నవాళ్ళకి వినబడుతోందా? వినబడినవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

వినబడింది కాబట్టి ఎత్తాం. ఫొటో తీశారు. మా మేనత్తకి ఎడమచెవి పనిచెయ్యదు. అందరూ ఎత్తారు కదా అని ముందు వరసలో కూర్చున్న ఆవిడ ఏకంగా రెండు చేతులూ ఎత్తింది. మర్నాడు పేపర్లో ఆ ఫొటో వేసి, 'పచ్చ ఇంధనానికి ఊరంతా ఆమోదం' అని రాశారు. నెల తిరక్కుండా అదే ఫొటో ఫ్యాక్టరీ స్థలం గేటు మీద ఇంటిగోడంత బోర్డయింది. మధ్యలో మా అత్త.

ఫ్యాక్టరీ వచ్చింది. గింజలు ఉడకబెట్టి, పులియబెట్టి, సారా తీసి కార్లకి పంపుతారు. మిగిలిన మడ్డినీళ్ళు వాగుకి పంపుతారు. వాగు నల్లబడింది. ఆ నీళ్ళు పారిన మా అత్త ఆకుకూరల మడి వేళ్ళతో సహా కుళ్ళింది. ఆకుబాబు జేబు మీద ఆకు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. ఇప్పుడు రెండో బాయిలరు పెడతారట, దానికి నీళ్ళు ఎగువ బావి నుంచి లాగుతారట. ఊళ్ళో తాగడానికి మిగిలింది ఆ ఒక్క బావే. మళ్ళీ సభ ఉందని మైకు కట్టిన ఆటో తిప్పారు.

నాది మెకానిక్ షెడ్డు. సభకి ముందురోజు జనం అక్కడే చేరారు.

"అసలు పోవద్దు. పోతే మళ్ళీ చెవుల్లో పువ్వులు పెడతారు" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు.

"పోకపోతే ఎవరూ అడ్డు చెప్పలేదని రాసుకుంటారు" అంది కాలేజీలో చదివే మా అత్త కూతురు.

డ్రైవరు నా వైపు తిరిగాడు. "ఇంజన్లు విప్పేవాడివి, నువ్వు చెప్పు. ఆ సారా అంత చెడ్డదా?"

"అబద్ధం ఎందుకు? పెట్రోల్లో కలిపితే కారు పొగ కొంత తగ్గుతుంది. కారు గాలిలోకి వదిలింది మళ్ళీ పైరు పీల్చుకుంటుందంటారు, అదీ తప్పు కాదు" అన్నాను.

"మరి ఆ గింజ ఉడకడానికి వీళ్ళు మండించేది ఏంటి బావా?" అంది అత్త కూతురు. "బొగ్గు. అక్కడ కారుకి తగ్గిన పొగ ఇక్కడ మన నెత్తిన పోస్తున్నారు. చొప్పతోనో, గింజ ఒలిచిన బెండ్లతోనో, పారేసే చెత్తతోనో చెయ్యమను, మడ్డి వాగులో కలపకుండా చెయ్యమను, నేనే చెయ్యెత్తుతా. తినే గింజా తాగే నీళ్ళూ కారుకి పోసి, దానికి పచ్చరంగు పూస్తే ఎలా?"

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అని ఒక కౌలురైతు నిట్టూర్చాడు.

"కాలలేదురా, ఎత్తాం. అంతే" అంది మా అత్త. "ఎత్తితేనే కదా వాడికి ఫొటో. రేపు పోదాం, కూర్చుందాం. వాడేమడిగినా చెయ్యి లేవకూడదు. మొహం మీద ఈగ వాలినా సరే."

మర్నాడు మార్కెట్ షెడ్డు నిండిపోయింది. ఆకుబాబు ఉపన్యాసం ముగించి, "వినబడినవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు. "భోజనం కావలసినవాళ్ళు?" లేవలేదు. ఎండ మండిపోతోంది. నీళ్ళసీసాల పెట్టెలు తెప్పించి, "పోనీ, దాహమేసినవాళ్ళు?" అన్నాడు. మా వాగుని తాగేసినవాడు మాకు సీసానీళ్ళు ఎర చూపిస్తున్నాడు. గొంతులు ఎండుతున్నా చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

వాడి మొహంలో రంగు మారింది. అధికారి చెవిలో ఏదో గొణిగాడు. అధికారి గొంతు సవరించుకుని, "అభ్యంతరం లేదు కాబట్టి మౌనం అంగీకారంగా..." అని మొదలుపెట్టాడు.

మా అత్త లేచింది. చేతులు వెనక్కి కట్టుకుంది. "నాకు ఒక చెవే వినబడదు బాబూ. రెండోదానికి మీ మాట బాగానే పడింది. వద్దు."

"వద్దు" అంది ఆమె కూతురు. డ్రైవరు అన్నాడు, నేనన్నాను. తరవాత ఎవరు అన్నారో చెప్పలేను, షెడ్డు రేకులు అదిరాయి. అలాగే లేచి వెళ్ళి ఫ్యాక్టరీ గేటుకి అడ్డంగా కూర్చున్నాం. మొక్కజొన్న లారీలు రోడ్డంతా ఆగిపోయాయి.

పోలీసులు వచ్చారు. ఇన్‌స్పెక్టరు లాఠీ చూపించి, "అందరూ చేతులెత్తండి" అని అరిచాడు.

మా అత్తకి నవ్వొచ్చింది. "ఈయన కూడా అదే అడుగుతున్నాడే" అంది. నవ్వు వరసలు దాటుకుంటూ వెనకదాకా పోయింది. లాఠీలు దిగాయి. డ్రైవరు భుజం విరిగింది. దెబ్బ కాచుకోవడానికి కూడా ఎవరూ చెయ్యెత్తలేదు. సభకి ఆటంకం కలిగించిందని మా అత్తని పట్టుకున్నారు. వ్యానెక్కించడానికి పోలీసు చెయ్యందించాడు. ఆవిడ చేతులు వెనకనుంచి తియ్యలేదు. నలుగురు కలిసి మోసుకెళ్ళాల్సి వచ్చింది.

వ్యాను కదిలాక నా షెడ్డు నుంచి నిచ్చెన తెచ్చాం. మిగిలిన పోలీసులు చూస్తుండగానే గేటు మీది బోర్డులో ఎత్తి ఉన్న చేతులన్నీ ఒక్కొక్కటే కోసేశాం. అత్త రెండు చేతులూ ఆమె కూతురే కోసింది.

ఎగువ ఊళ్ళోనూ ఇలాంటి సభే పెడతారట. వాళ్ళు కబురంపితే ఆ ముక్కలు చంకలో పెట్టుకుని బయల్దేరాం. బోర్డు మీద మా అత్తకి ఇప్పుడు చేతుల్లేవు. అవి మా దగ్గరున్నాయి. ఎప్పుడెత్తాలో ఇక మేమే చూసుకుంటాం.