మళ్ళీ పుట్టినదాని పేరు

నా పేరు రెనాటా. చైతన్యపురిలో పుట్టి పెరిగిన, నల్లగొండ పల్లె నుంచి వచ్చిన కుటుంబపు పిల్లకి ఈ పేరేమిటని మీరు అడగబోతున్నారు. ఇరవై ఒక్కేళ్ళుగా అందరూ అడిగారు. బళ్ళో టీచర్లు "మీరు కన్వర్ట్ అయిన్రా?" అనేవారు. కాదు మేడమ్, మా ఇంట్లో ఎల్లమ్మకి బోనం ఎత్తుతారు అని చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది.

నాకన్నా ముందు మా అమ్మకు ఒక కూతురు ఉండేది. సంధ్యారాణి. తొమ్మిదేళ్ళకు డెంగీతో పోయింది. రెండేళ్ళ తర్వాత నేను పుట్టినప్పుడు, మా అమ్మ అండాలు నన్ను చూస్తూనే "నా సంధ్య వాపస్ ఒచ్చింది" అని దవాఖాన అంతా వినపడేలా ఏడ్చిందట. మావైపు చచ్చిపోయినవాళ్ళు అదే ఇంట్లో మళ్ళీ పుడతారని నమ్ముతారు. పేరు కూడా అదే పెడతారు. కానీ చిన్న వయసులో పోయినవాళ్ళ పేరు పెడితే ఈ పిల్ల ఆయుష్షు కూడా అంతే అవుతుందని నాయనమ్మ అడ్డం పడింది. అమ్మకేమో ఆ పేరే కావాలి. అప్పుడు వార్డులోని కేరళ నర్సమ్మ మధ్యే మార్గం చెప్పింది. "రెనాటా అని పెట్టండి. లాటిన్ మాట. మళ్ళీ పుట్టింది అని అర్థం" అంది. పేరు వేరు, అర్థం అదే. అమ్మ సంబరపడిపోయింది. ఆ నర్సమ్మ మంచి మనసుతోనే చెప్పి ఉంటుంది. మంచి మనసుతో చెప్పినవే మనల్ని ఎక్కువ కాలం తింటాయి.

అక్క గౌన్లన్నీ అమ్మ సందూకలో దాచింది. నాకు నాలుగేళ్ళు రాగానే అక్క నాలుగేళ్ళ గౌను, ఐదు రాగానే ఐదేళ్ళ గౌను. అక్కకు రెండు జడలు, నాకూ రెండు జడలు. అక్కకు కాకరకాయ ఇష్టమట. నాకు ఆ వాసనే పడదు. అయినా కంచంలో పడేది, "నీకు ఇష్టమే కద బిడ్డా" అంటూ. తినేదాన్ని. తింటే అమ్మ మొహం వెలిగిపోయేది. ఆ వెలుగు కోసం ఏదైనా మింగేదాన్ని.

పదో పుట్టినరోజున అమ్మ సందూక తెరిచి అలాగే నిలబడిపోయింది. లోపల ఏమీ లేదు. అక్కకు పదేళ్ళు రాలేదు కదా. నాన్న అప్పటికప్పుడు దిల్‌సుఖ్‌నగర్ పోయి ఒక డ్రెస్సు తెచ్చాడు. అది నాకు రెండు సైజులు పెద్దది. పదేళ్ళు పెంచిన పిల్ల కొలత ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత నన్ను కొట్టలేదు, తిట్టలేదు, ఫీజులు కట్టారు. కానీ నాతో ఏం చేయాలో మాత్రం వాళ్ళకు తోచలేదు.

మొన్న ఉద్యోగం వచ్చింది. చేరేముందే పేరు మార్చుకోవాలని నిశ్చయించుకున్నాను. మౌనిక అని ఎంచుకున్నాను. బస్సులో పిలిస్తే నలుగురు తిరిగి చూసే పేరు. అర్థం ఎవరూ అడగరు, ఎవరి గుర్తుగా పెట్టారనీ అడగరు. నాకు కావలసింది అదే.

మా నాన్న లింగస్వామికి ఎల్‌బీ నగర్ కోర్టు దగ్గర టైపింగ్ షాపు ఉంది. పేరు మార్పు అఫిడవిట్లు రోజుకు నాలుగైనా కొడతాడు. చైతన్యపురిలో మెట్రో ఎక్కి, ఆఖరిసారిగా చూద్దామని నా పేరు ఫోన్‌లో వెతికాను. నర్సమ్మ అబద్ధం చెప్పలేదు. మళ్ళీ పుట్టినది అనే అర్థం. తొలినాళ్ళ క్రైస్తవులు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకు పెట్టేవారట. నీళ్ళలో మునిగి లేచిన మనిషి, తానే కొత్తగా పుట్టినట్టు. అంటే పుట్టేది ఆ మనిషే. చచ్చిపోయిన వేరొకరు కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఖరికి ఆ పేరు కూడా నాదే, దాన్ని కూడా నాకు దక్కనివ్వలేదు.

షాపులో నాన్న ఒక్కడే ఉన్నాడు.

"డాడీ, నాకు పేరు మార్పు అఫిడవిట్ కొట్టాలె."

నాన్న నా మొహంలోకి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎప్పుడన్న అడుగుతవని అనుకుంటనే ఉన్న బిడ్డా" అన్నాడు. కంప్యూటర్‌లో పాత ఫైలు ఒకటి తెరిచి, పాత పేరు దగ్గర నా పేరు కొట్టాడు. కొత్త పేరు ఏమిటని అడగలేదు. తనే కొట్టేశాడు. సంధ్యారాణి. ఇంగ్లీషులో పదకొండు అక్షరాలు.

"అది కాదు డాడీ. మౌనిక."

నాన్న చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. తర్వాత ఒక్కో అక్షరం చెరిపాడు. ఒక్క నొక్కుతో పేరంతా తీసేయడం ఆయనకు తెలుసు, రోజూ చేసే పనే. కానీ పదకొండుసార్లు నొక్కాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, రెండూ ఆయన మీదే.

"మీ అమ్మకు నువ్వే చెప్పు. నాతోని కాదు" అన్నాడు, ఆ ఖాళీని అలాగే వదిలేసి.

ఇంటికి వచ్చేసరికి అమ్మ చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ రెండు గింజలు తీశాను. ఫోన్‌లో చదివింది మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాను. బాప్తిస్మం సంగతి చెప్పాను. ఆ పేరుకు అర్థం తన మటుకు తాను కొత్తగా పుట్టడమని, ఇంకొకరు తిరిగి రావడం కాదని చెప్పాను. అమ్మ తల ఊపుతూ వింది.

"నేను అక్కను కాదమ్మా. ఎన్నడూ కాను" అన్నాను. ఈ ఒక్క మాట అనడానికి నాకు ఇరవై ఒక్కేళ్ళు పట్టింది.

అమ్మ చేతులు ఆగాయి. "అట్లయితే నా బిడ్డ వాపస్ రాలేదా?" అంది.

"రాలేదమ్మా."

అమ్మ చింతపండు చేతులతోనే ఫోన్ తీసి నాన్నకు చేసింది. "ఏమయ్యా, మన సంధ్య లేదంట" అంది. ఆ మాట అన్నాక ఏడుపు మొదలైంది. శవం ఇంకా ఇంట్లో ఉన్నట్టే, గుండెలు బాదుకుంటూ, పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. పక్కింటి లచ్చమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది వదినా, ఎవరు పోయిన్రు?" అని అడిగింది.

"నా బిడ్డ పోయింది లచ్చమ్మా. నాకు ఇంకెవరున్నరు?" అంది అమ్మ.

నేను ఆమె పక్కనే కూర్చుని ఉన్నాను.