ఎండబెట్టని పడవ

ఎదురింటావిడ కళ్లారా చూసిందట. చూసి ఇస్త్రీ ఆవిడకు చెప్పిందట. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానుతుందా, నేరుగా మందుల షాపుకెళ్లి అక్కడ చెప్పిందట: "మన బిళ్లమ్మకి మతి పోయిందండీ! మిట్టమధ్యాహ్నం పెరట్లో పడవకి మరిగే నీళ్లతో తలంటు పోస్తోంది. పైగా దాన్ని పట్టుకుని 'ఎక్కడ దాచావే, ఎక్కడ దాచావే' అని నిలదీస్తోందట!"

విన్నవాళ్లు నవ్వుకున్నారు. బిళ్లమ్మకు మాత్రం అది నవ్వులాట కాదు.

ఆమె బతుకుదెరువు బట్టలు కుట్టడం. కానీ ఐదేళ్లుగా ప్రతి శనివారం పొద్దున్నే తన చిన్న పడవలో చెరువు నడిమధ్యకు వెళ్లి, నలుపూ తెలుపూ రంగులు వేసిన పళ్లెమంత బిళ్లను తాడు కట్టి నీళ్లలోకి దించుతుంది. అది ఎంత లోతున కంటికి ఆనకుండా పోయిందో కాగితం మీద రాస్తుంది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో దాన్నిబట్టి తెలుస్తుంది. జీతం లేదు, బత్తెం లేదు. ఆ బిళ్లే ఆమెకు పేరైపోయింది. పట్టణమంతా తాగేది ఆ చెరువు నీళ్లే. వాటిని తోడే పంపుల దగ్గర ఆమె మొగుడు మెకానిక్కు.

రేవు చెక్కల కింద తాడుకు ఒక ఇటుక వేలాడుతూ ఉంటుంది. నెలకోసారి దాన్ని పైకి లాగి వేళ్లతో తడమాలి. జారుడుగా, నున్నగా ఉంటే చెరువు క్షేమం. గరుకు కాగితంలా తగిలితే చారల చిప్పలనే ఆల్చిప్పల జాతి జీవాలు దిగాయన్నమాట. పురుగుకంటే చిన్న పిల్లలుగా నీళ్లలో తేలుతూ వచ్చి, పట్టుకున్నదాన్ని ఇక వదలవు. చిప్ప మీద చిప్ప పేరుకుని గొట్టాల గొంతులు పూడ్చేస్తాయి. చేపపిల్లల నోటి దగ్గరి కూడు లాగేస్తాయి. రెండు గంటల దూరంలో ఉన్న పెద్ద జలాశయం అలాగే పాడైంది.

ఆ పొద్దున ఇటుక గరుకుగా తగిలింది. ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని గుడ్డ రకం చెప్పిన వేళ్లు అవి. తిప్పి చూస్తే అడుగున చిటికెన వేలి గోట్లో సగమంత చిప్ప, ఒంటి మీద గోధుమరంగు చారలు. గోటితో లాగితే రాలేదు. సన్నటి పోగులతో కుట్టేసుకున్నట్టు పట్టుకుని ఉంది. బొత్తం ఊడదీసినట్టు కత్తెర మొనతో తీసి, డబ్బాలో వేసుకుని ఇంటికొచ్చింది.

అది ఎక్కణ్ణించి వచ్చిందో ఆమెకు తెలుసు. భయమంతా అక్కడే.

రెండు నెలల కిందట తమ్ముడు పడవ అడిగి పట్టుకెళ్లాడు, ఆ జలాశయంలోనే చేపలు పట్టడానికి. శనివారం తెల్లవారుతూండగా తెచ్చి పెరట్లో పడేసి పోయాడు. వేరే నీళ్లలో తిరిగొచ్చిన పడవను ఐదు రోజులు ఎండలో బోర్లించాలి, అప్పుడే అంటుకొచ్చిన చిప్పపిల్లలు చస్తాయి. పడవలున్న వాళ్లందరికీ ఆ మాట చెవినిల్లు కట్టుకుని పోరి నేర్పింది ఆమే. కానీ ఐదేళ్లలో ఆమె ఒక్క శనివారం తప్పలేదు. ఆ కాగితంలో ఒక్క గడి ఖాళీ లేదు. ఈ పనంతా చూసే కాలేజీ లెక్చరరు మీటింగుల్లో ఆ కాగితమే ఎత్తి చూపించి "చూసి నేర్చుకోండి" అనేవారు. అందుకని ఆ రోజు పొడిగుడ్డతో పడవ తుడిచింది. పొడిగానే కనబడింది. కూర్చునే పలక కింద చెంబెడు నీళ్లు నిలిచాయేమోనని వంగి చూడలేదు. వెళ్లి గడి నింపుకొచ్చింది.

ఇవాళ మధ్యాహ్నం పోసిన వేడినీళ్లు ఎందుకూ కొరగావని ఆమెకూ తెలుసు. చేతులు ఊరుకోలేదు, అంతే.

సాయంత్రం తమ్ముడొస్తే డబ్బా మూత తీసి చూపించింది.

"దీనికా అక్కా, ఊరంతా నిన్ను పిచ్చిదంటోంది? కాలువలో పారెయ్."

"కాలువ ఎక్కడికి పోతుందిరా?"

"సరే, పొయ్యిలో పడెయ్. ఒక్కటేగా!"

"ఇది కంటికి కనబడింది. కనబడనివి వేలికి తగిలాయి."

"నువ్వు నోరు విప్పకపోతే ఎవడికి తెలుస్తుంది? విప్పావనుకో, ఐదేళ్లు కాపలా కాసి చివరికి చెరువు గొంతు నులిమింది ఈవిడేనంటారు."

పొద్దుట్నుంచీ ఆమె లోలోపల అనుకుంటున్న మాటే అది.

గుమ్మంలో చెప్పులు విడుస్తున్న మొగుడు అంతా విన్నాడు. వచ్చి డబ్బాలోకి చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చిన్నదే కదా బావా," అన్నాడు తమ్ముడు.

"చిన్నదే. రేపు పంపు పూడుకుపోతే ఊరందరికీ బిందెలతో నువ్వు మోస్తావా? నీ నడుం చూస్తే రెండో బిందెకే వంగిపోయేలా ఉంది."

ఎవరూ నవ్వలేదు. అన్నవాడూ నవ్వలేదు.

"చెబితే మళ్లీ నన్ను చెరువు దగ్గరికి రానిస్తారంటావా?" అందామె.

"రానివ్వకపోవచ్చు."

ఆమె ఫోను తీసింది. కుట్టుమిషను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది.

"సార్, ఇటుక మీద చారల చిప్ప దొరికింది."

అటువైపు లెక్చరరు గారి కుర్చీ కిర్రుమంది. "సరిగ్గా చూశారా అమ్మా?"

"చూశాను. నా పడవే తెచ్చింది సార్. జలాశయం నుంచి వచ్చిన రోజే నీళ్లలో దించాను. ఎండబెట్టలేదు."

తమ్ముడు తల పట్టుకున్నాడు.

"మీరా?"

"నేనే సార్. ఆ శనివారం గడి ఖాళీగా వదల్లేకపోయాను."

ఆమె ఫోను మీదికి వంగింది.

"రోజూ దిగి ఒక్కొక్కటే ఏరతాను సార్. ఎంత పనైనా చేస్తాను. ఇంకా మించిపోలేదు కదా? ఆపొచ్చు కదా?"

"నాకు తెలిసి ఇంతవరకూ ఎవరూ ఆపలేదమ్మా."