కోడలమ్మ పోటీ చేసిన ఎన్నికలు

"ఆ వంటింటి తలుపు కాస్త దగ్గరగా వెయ్యి. ఉల్లిపాయ వాసన హాల్లోకి వస్తోంది," అన్నారు మావారు.

వేశాను. వాసనంతా నాకే మిగిలింది.

మధ్యాహ్నం భోజనానికి పార్టీ ఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడు. ఏ సీటు ఎవరికివ్వాలో ఊళ్ళు తిరిగి తేల్చేది ఆయనే. లావుపాటి అద్దాలు పెట్టుకుంటాడు కాబట్టి మా ఇంట్లో ఆయన పేరు కళ్ళజోడాయన. రాబోయే ఎన్నికల్లో ఈ సీటుకి నా బదులు మా మరిది పోటీ చేస్తాడని ఇంట్లో అనుకున్నారు. ఇంట్లో అనుకుంటే చాలదట. ఉన్న ఎమ్మెల్యే తన నోటితో తప్పుకుంటున్నానని చెప్పాలట. ఉన్న ఎమ్మెల్యేని నేను. అందుకని పొద్దున్నించీ మాంసం కడుగుతున్నాను.

చెప్పాల్సిన మాట మావారు నిన్ననే నేర్పారు.

"నా అంతట నేనే తప్పుకుంటున్నాను, ఆరోగ్యం సహకరించడం లేదు అను. అంతకు మించి మాట్లాడకు."

"ఏం జబ్బని అడిగితే?"

"మోకాళ్ళ నొప్పులని చెప్పు."

మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మా అత్తగారు తలెత్తారు. "మోకాళ్ళ నొప్పులు నావిరా. దానికెప్పుడిచ్చాను?"

మరిది పకపకా నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. మావారు మాత్రం నవ్వలేదు. "అమ్మా, నువ్వూరుకో. ఇది వేళాకోళం కాదు," అన్నారు.

వేళాకోళం కాదని నాకూ తెలుసు. నియోజకవర్గంలో నన్ను కోడలమ్మ అంటారు. మొదటి ఎన్నిక పోస్టర్ మీద పడిన మాట అది. మా మామగారు ఎమ్మెల్యేగా ఉండగానే పోయారు. సీటు చిన్నకొడుక్కి అనుకున్నారు గానీ అతనికి పోటీ చేసే వయసు రాలేదు. మావారు రోడ్ల కాంట్రాక్టులు చేస్తారు. సర్కారు పనులు చేసేవాళ్ళు పోటీకి పనికిరారు. పనులు వదులుకోవడం ఆయనకిష్టం లేదు. ఇక ఇంట్లో మిగిలింది అత్తగారూ నేనూ. అత్తగారు దుఃఖంలో ఉన్నారు. "ఒక్కసారికే. బస్సులో సీటు మీద తువ్వాలు వేస్తాం చూడు, అలాగనుకో," అన్నారు మావారు. నన్ను నొప్పించాలని అన్న మాట కాదు. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నారు. తువ్వాలుకి ఎలా ఉంటుందో ఎవరడుగుతారు?

ఆ పోస్టర్‌లో మామగారి ముఖం కిటికీ తలుపంత ఉంది. ఆయనకి ఒక పక్క మావారు, ఇంకో పక్క మరిది. కింద మూలన నేను, చేతులు జోడించి. ప్రచారం బండి మీద మావారు మైకు పట్టుకునేవారు. నేను పక్కన నిలబడేదాన్ని. "నవ్వుతూ ఉండు, మాట్లాడకు" అని నియమం. ఎండకి పెదాలు పగిలితే నవ్వడం కూడా పనే అని అప్పుడే తెలిసింది. ఓట్లు లెక్కపెట్టిన రోజున మా ఏజెంట్లకి ఇంటి నుంచే భోజనాలు. నేను గిన్నెలు సర్దుతుంటే వీధిలో కేకలు వినిపించాయి. గెలిచాం అంటూ మావారిని భుజాల మీదికెత్తుకున్నారు. గరిట పట్టుకుని గుమ్మంలోకొచ్చి చూశాను. ఆయన పైనుంచి నాకు చెయ్యి ఊపారు. తర్వాత ఎవరికో గుర్తొచ్చింది, గెలిచినట్టు ఇచ్చే కాగితం మీద సంతకం నేనే పెట్టాలని. చేతులు కడుక్కుని వెళ్ళి పెట్టొచ్చాను. "జనం మీ మామగారి మీద జాలితో వేశారు," అన్నారు ఇంట్లో. నిజమేననుకున్నాను.

రెండోసారి ఎన్నికలొస్తే, గెలిచినదాన్ని మార్చొద్దని పార్టీ అంది. మెజారిటీ ఇంకా పెరిగింది. అది పార్టీ గాలి అన్నారు. అదీ నిజమేననుకున్నాను. ఆ రెండు దఫాలూ శాసనసభలో వెనక వరసలో కూర్చున్నాను. మావారు పైన సందర్శకుల బాల్కనీలో కూర్చుని ఎప్పుడు చెయ్యెత్తాలో కనుసైగ చేసేవారు. ఇక్కడ ఆఫీసు గదిలో పెద్ద కుర్చీ ఆయనది, పక్కన ప్లాస్టిక్ కుర్చీ నాది. వచ్చినవాళ్ళు కష్టం ఆయనకి చెప్పుకుని, ఏడుపొస్తే మాత్రం నా వైపు తిరిగేవారు. వాళ్ళు వెళ్ళాక టీ గ్లాసులు తీసేది నేనే. పనిమనిషి మానేసిన రోజుల్లో కడిగేదీ నేనే. ఒకాయన అర్జీ నా చేతికిచ్చి, "సార్‌కి ఇవ్వమ్మా," అన్నాడు. తీసుకెళ్ళి ఇచ్చాను.

మూడోసారికి మరిదికి వయసొచ్చి చాలా కాలమైంది. కానీ పార్టీ మీద జనం మండిపడుతున్నారు. అన్నం తింటూ అతనే అన్నాడు. "ఈసారి గాలి బాగాలేదన్నయ్యా. వదిన్నే పోటీ చెయ్యనివ్వండి. నేను మంచి రోజు చూసుకుని వస్తాను." అందరూ తలూపారు. నేను అతని పళ్ళెంలో కూర వడ్డిస్తున్నాను.

ఓడిపోయాను. సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. అంతవరకూ గెలిచాం గెలిచాం అన్న నోళ్ళే నువ్వు ఓడిపోయావు అన్నాయి. "జనంలో నీకు పేరు లేదు," అన్నారు మావారు. ఎవరో ఫోన్ చేస్తే అత్తగారు, "మా కోడలు ఓడిపోయిందమ్మా," అని చెప్పడం విన్నాను. మామగారి మీద జాలి, పార్టీ గాలి, ఆ రోజు ఎవరూ తలుచుకోలేదు.

మర్నాడు ఇంట్లో ఉండలేకపోయాను. కారు ఇవ్వనన్నారు. ఓడిపోయినవాళ్ళు వీధిలోకెళ్ళడం ఎక్కడా లేదన్నారు. నడిచే వెళ్ళాను. ఓట్లేసినందుకు కృతజ్ఞత చెబుదామని. జనానికి నన్నెలా చూడాలో తెలియలేదు. కొందరు తలుపు చాటుకి తప్పుకున్నారు. సందు చివర బట్టలు కుట్టే ఆవిడ మిషన్ ఆపి, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"గెలిచినప్పుడు రానిదానివి ఓడిపోయాక వచ్చావేంటి కోడలమ్మా?"

"గెలిచినప్పుడు మావారొచ్చారు కదమ్మా."

"వచ్చాడు. నేను ఆయనకి వెయ్యలేదుగా." స్టూలు మీది గుడ్డముక్కలు కిందికి తోసింది. "కూర్చో. బండి మీద నిలబడి దణ్ణాలు పెట్టేవాళ్ళని బోలెడుమందిని చూశాం."

కూర్చున్నాను. ఆవిడ కూతురు బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. సాయంత్రం షిఫ్టు వదిలేలోపే ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. ఆడపిల్లలంతా గుంపుగా చీకట్లో నడిచి రావాలి. దారిలో తాగుబోతుల మాటలు పడాలి. "మీ ఆయనకి చెప్పాం. చూద్దాం అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు," అంది. ఆయన పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే విని ఉంటాను ఆ మాట. టీ గ్లాసులు లెక్కపెట్టుకుంటూ విని ఉంటాను.

ఇంటిపని ముగించుకుని రోజూ బస్సు డిపోకి వెళ్ళడం మొదలుపెట్టాను. మేనేజరు గది బయట బల్ల మీద కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకి అతనికి విసుగొచ్చింది. "మీరిప్పుడు ఎమ్మెల్యే కాదు కదమ్మా," అన్నాడు.

"కాదు కాబట్టే తీరిగ్గా ఉన్నానండీ," అన్నాను.

డ్రైవర్లు నవ్వారు. మేనేజరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. నెల తిరక్కుండానే బస్సు వేళ మారింది. మొదటి రోజున నేనూ ఎక్కి ఫ్యాక్టరీ దాకా వెళ్ళి, ఆ పిల్లలతో తిరిగొచ్చాను. ఒళ్ళంతా దూదిపోగులతో, నిద్ర కళ్ళతో సీట్లలో వాలిపోయారు. ఒకరూ నన్ను పట్టించుకోలేదు. ఇన్నేళ్ళలో అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు. ఇంటికొస్తే, "బస్సు వేళ మార్చినందుకు ఓట్లేస్తారా ఎవరైనా?" అన్నారు మావారు.

నాలుగోసారి కూడా గాలి ఎటుందో తెలియక మరిది ఆగాడు. నేను పోటీ చేశాను. కొద్ది తేడాతో గెలిచాను. "అవతలివాళ్ళు వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని ఓట్లు చీల్చుకున్నారు," అన్నారు ఇంట్లో. ఈ దఫా సభలో ముందు వరసకి వచ్చాను. ఎవరి సైగా చూడకుండా చెయ్యెత్తాను. ఆస్పత్రిలో కాన్పు గదికి తలుపు లేదని, పరదాతో నెట్టుకొస్తున్నారని అడిగితే మంత్రి నీళ్ళు నమిలాడు. తలుపొచ్చింది. ఆ రాత్రి టీవీలో నన్ను చూసి మావారు, "జుట్టు రేగిపోయి ఉంది, చూసుకోవద్దూ?" అన్నారు.

ఇప్పుడు గాలి బాగుంది. అందుకని మరిదికి మంచి రోజొచ్చింది.

మాంసం ఉడుకుతోంది. పొయ్యి దగ్గర నిలబడి ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి తలుచుకున్నాను. నాకు ఆ పని ఇష్టం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఎవరో పెట్టిన కుర్చీలో ఇష్టంగా కూర్చోవడం తప్పేమో అన్న బెరుకు. గెలుపులు వాళ్ళవీ వీళ్ళవీ అన్నారు కాబట్టి నాదంటూ ఏముందిలే అనుకుంటూ వచ్చాను. ఓటమి ఒక్కటే ఎవరూ పంచుకోలేదు. దాన్ని నేనూ ఇన్నాళ్ళు ముట్టుకోలేదు. ఇవాళ ముట్టుకుని చూశాను. మొదటిసారి వేసినవాళ్ళు మామగారికి వేశారే అనుకుందాం. రెండోసారి పార్టీకే వేశారనుకుందాం. మరి మూడోసారి? మామగారు పోయి ఏళ్ళయింది, పార్టీ పేరు చెబితే జనం తిడుతున్నారు, ప్రచారానికి ఇంట్లోవాళ్ళు కూడా సగం మనసుతో వచ్చారు. ఆ గాలికి చుట్టుపక్కల సీట్లలో మా పార్టీవాళ్ళకి డిపాజిట్లు కూడా దక్కలేదు. నాకు దక్కింది. ఆ ఎండలో వరసలో నిలబడి, నేను ఓడిపోతానని తెలిసి కూడా వేసినవాళ్ళు ఎవరికి వేశారు? నాకు తప్ప ఇంకెవరికి వేస్తారు? నేను గెలిచిన ఎన్నికల్లో నా ఓట్లెన్నో నాకు తెలియదు. ఓడిన ఎన్నికలో మాత్రం పడ్డ ప్రతి ఓటూ నాదే.

మాంసం అడుగంటే వాసన వస్తే ఉలిక్కిపడి మంట తగ్గించాను.

కళ్ళజోడాయన వచ్చాడు. మావారు, మరిది ఎదురెళ్ళి తీసుకొచ్చారు. భోజనాల బల్ల దగ్గర వడ్డించాను. ఆయన ఇష్టంగా తిన్నాడు. "చెల్లెమ్మ చెయ్యి మంచిది," అన్నాడు. అత్తగారు తన పళ్ళెం తీసుకుని అక్కడే గోడవార కుర్చీలో కూర్చున్నారు. చేతులు కడుక్కున్నాక కళ్ళజోడాయన తువ్వాలుతో తుడుచుకుంటూ నా వైపు చూశాడు.

"మీ వాళ్ళు సంగతంతా చెప్పారు. కానీ పార్టీకి నీ నోటి మాట కావాలి చెల్లెమ్మా. ఏమంటావు?"

మావారు గొంతు సవరించుకున్నారు. "దానికి మోకాళ్ళు..."

"నా మోకాళ్ళు బాగానే ఉన్నాయండీ," అన్నాను. "నేనే పోటీ చేస్తాను."

అత్తగారి చేతిలో ముద్ద అలాగే ఆగింది. మావారు ఏదో అనబోయి, పరాయి మనిషి ముందని మింగేశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రం ఈ ఇంట్లో ఏ మాటలు పడాలో నాకు తెలుసు. పడదామనుకున్నాను.

కళ్ళజోడాయన తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టాడు. "పార్టీ మీ మరిదికే టికెట్ ఇస్తే?"

"ఇవ్వండి. నేను ఒంటరిగా చేస్తాను."

"వదినా!" మరిది కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "మతి పోయిందా నీకు? పార్టీ లేకుండా, ఇల్లు లేకుండా? ఓడిపోతావు."

"ఓడిపోతానేమో అబ్బాయ్," అన్నాను. "ఈ ఇంట్లో ఓడిపోవడం చేతనైనదాన్ని నేనొక్కదాన్నే."